కండెమ్ చేసే ముందు కార్డు రీడరు మోడ్ చూడండి

సంపాదకులకు,

అయ్యా,

కళాశాలల్లోనూ వసతి గృహాల్లోనూ హాజరు కోసం గోడలకు బిగించిన కార్డు రీడర్లు పనిచేయకుండా పడి ఉన్నాయని, వాటిని కండెమ్ చేసి, అంటే పనికిరానివిగా తేల్చి తీసేసి, కొత్తవి కొనడానికి ప్రతిపాదనలు పంపుతున్నారని మీ పత్రిక జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. ప్రజల సొమ్ము వృథా కావడాన్ని ప్రశ్నించడం సబబే. అయితే ఆ వార్తలోనే ఒక ఉద్యోగి చెప్పినట్టుగా, కార్డు చూపితే రీడరు బీప్‌మంటోంది గానీ కంప్యూటరులో పేరు పడటం లేదనీ, హాజరు సాఫ్ట్‌వేరు మార్చిన తరువాతే ఈ ఇబ్బంది మొదలైందనీ ఒక వాక్యం ఉంది. సీరియల్ పరికరాల (సమాచారాన్ని ఒకదాని వెంట ఒకటిగా పంపే పరికరాల) మరమ్మతులో చాలాకాలం పనిచేసిన వాడిగా, ఆ ఒక్క వాక్యాన్ని బట్టే ఆ రీడర్లలో అధికభాగం చెడిపోలేదని, వాటి మోడ్, అంటే సమాచారం పంపే తీరుకు సంబంధించిన అమరిక, మాత్రమే మారి ఉంటుందని నేను భావిస్తున్నాను. కారణాలు వివరిస్తాను.

ఇటువంటి చోట్ల ఎక్కువగా కనిపించే 125 కిలోహెర్ట్జ్ కార్డులో బ్యాటరీ ఉండదు. రీడరు యాంటెన్నా వెలువరించే క్షేత్రం నుంచే అది శక్తి తీసుకుని 64 బిట్ల (0, 1 అనే అంకెల) సంకేతాన్ని తిరిగి పంపుతుంది. అందులో 9 బిట్లు ఆరంభ సూచిక, 40 బిట్లు కార్డు సంఖ్య, 14 బిట్లు సంఖ్య సరిగా అందిందో లేదో అడ్డంగా, నిలువుగా సరిచూసుకోవడానికి ఉద్దేశించిన పారిటీ బిట్లు, చివరిది ముగింపు బిట్టు. ఈ లెక్క సరిపోతేనే రీడరు మామూలుగా బీప్ ఇస్తుంది. అంటే బీప్ వినబడిందంటే విద్యుత్తు అందుతోంది, యాంటెన్నా బాగుంది, లోపలి చిప్ పనిచేస్తోంది, కార్డు కూడా సవ్యంగానే ఉంది. చదివిన సంఖ్యను బయటకు పంపే దారిలో ఎక్కడో తేడా వచ్చిందన్నది ఒక్కటే మిగులుతుంది.

ఆ దారి ఒకటి కాదు. ఒకే నమూనా రీడరు కార్డు సంఖ్యను సీరియల్ అక్షరాలుగా పంపగలదు, తలుపు తాళాల నియంత్రణలో వాడే వీగాండ్ పద్ధతిలో రెండు వైర్ల మీద చిన్న చిన్న విద్యుత్ స్పందనలు (పల్సులు)గానూ పంపగలదు. సీరియల్‌లోనే వేగం మారవచ్చు, పారిటీ మారవచ్చు. కార్డు కనబడగానే తనంతట తాను సంఖ్య పంపే మోడ్ ఒకటైతే, కంప్యూటరు అడిగితే తప్ప పలకని మోడ్ మరొకటి. వాహనాల గేట్ల దగ్గర పెట్టే దూరశ్రేణి రీడర్లలో బయటి స్విచ్ నొక్కితేనే చదివే మూడో మోడ్ కూడా ఉంటుంది. సాఫ్ట్‌వేరు మార్చడానికి వచ్చిన మనిషి తన అనుకూలం కోసం వీటిలో ఏదో ఒకటి మార్చి, పని పూర్తికాకుండానే వెళ్లిపోతే, ఆ అమరిక రీడరులోని శాశ్వత జ్ఞాపకంలో నిలిచిపోతుంది. కరెంటు తీసి మళ్లీ పెట్టినా పాత స్థితి తిరిగి రాదు. సిబ్బంది మొదట చేసే పని కరెంటు తీసి పెట్టడమే కాబట్టి, దానితో మారకపోయేసరికి యంత్రం పోయిందన్న నిర్ణయానికి వస్తారు. వారిని తప్పుపట్టలేం, ఇంకేం చూడాలో వారికి ఎవరూ చెప్పలేదు.

చూడవలసిన మొదటి విషయానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు, మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటరు చాలు. ఏ కార్డూ చూపని సమయంలో, గ్రౌండ్ వైరుకీ రీడరు సమాచారం పంపే వైరుకీ మధ్య వోల్టేజీ కొలవాలి. కంప్యూటరు సీరియల్ పోర్టులు పాటించే ఆర్ఎస్-232 ప్రమాణంలో లైను ఖాళీగా ఉన్నప్పుడు రుణాత్మక వోల్టేజీలో ఉంటుంది. ప్రమాణం ప్రకారం అది మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల మధ్య ఉండాలి. 3.3 లేదా 5 వోల్టులు ధనాత్మకంగా కనిపిస్తే అది చిప్ స్థాయి సీరియల్ (చిప్ తన సొంత తక్కువ వోల్టేజీలోనే పంపేది) కావచ్చు, వీగాండ్ కావచ్చు. పక్క వైరు మీద కూడా అదే 5 వోల్టులు నిలకడగా ఉంటే వీగాండ్ అని దాదాపు నిశ్చయించవచ్చు, ఎందుకంటే ఆ పద్ధతిలో డేటా-0, డేటా-1 అనే రెండు వైర్లూ విశ్రాంతిలో పైస్థాయిలోనే ఉంటాయి. ఒక నిమిషంలో తేలే ఈ కొలత తీసుకోకుండా రీడరును గోడ నుంచి ఊడదీయకూడదని నా అభిప్రాయం.

ఈ కొలతకు మరో ప్రయోజనమూ ఉంది. చిప్ స్థాయి సీరియల్ వైర్లను నేరుగా కంప్యూటరు తొమ్మిది పిన్నుల పోర్టుకు కలిపితే, పోర్టు నుంచి వచ్చే ఎక్కువ వోల్టేజీ, అందులోనూ రుణాత్మక వోల్టేజీ, అప్పటివరకు కేవలం మోడ్ మారిన రీడరును నిజంగానే కాల్చివేయగలదు. మధ్యలో మ్యాక్స్232 వంటి స్థాయి మార్పిడి చిప్ ఉండి తీరాలి.

రెండో పరీక్ష కంప్యూటరు వైపుది. రీడరును పక్కన పెట్టి, సీరియల్ కేబులు చివర 2, 3 పిన్నులను చిన్న వైరుతో కలిపి, ఏదైనా టెర్మినల్ ప్రోగ్రాం (పోర్టుకు పంపిన, పోర్టు నుంచి వచ్చిన అక్షరాలను చూపేది) తెరిచి అక్షరాలు టైపు చేయాలి. టైపు చేసినవి తెరమీద తిరిగి కనబడితే కేబులు, పోర్టు, దాన్ని నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేరు అన్నీ బాగున్నట్టే. కనబడకపోతే లోపం రీడరుది కాదు. ఇప్పటి కంప్యూటర్లలో సీరియల్ పోర్టు సాధారణంగా ఉండదు కాబట్టి యూఎస్‌బీ అడాప్టరు వాడతారు. దాన్ని ఒక సాకెట్ నుంచి మరో సాకెట్‌కు మారిస్తే విండోస్ దానికిచ్చే కామ్ పోర్టు సంఖ్య మారిపోవచ్చు; సాఫ్ట్‌వేరు పాత సంఖ్య దగ్గరే ఎదురుచూస్తూ ఉంటుంది.

ఈ సందర్భంలోనే ఒక వింతను ప్రస్తావించాలి. విండోస్ మొదలయ్యే క్షణంలో ఎవరైనా రీడరుకు కార్డు చూపితే, సీరియల్ లైను మీద వచ్చిన ఆ అక్షరాలను చూసి విండోస్ అక్కడ పాతకాలపు సీరియల్ మౌస్ ఉందని పొరబడవచ్చు. అప్పుడు డివైస్ మేనేజరులో ‘మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్’ అనే పేరు ప్రత్యక్షమవుతుంది, ఆపైన కార్డు చూపినప్పుడల్లా తెరమీద బాణం గుర్తు చిందులు తొక్కుతుంది, హాజరు సాఫ్ట్‌వేరుకు మాత్రం పోర్టు దొరకదు. దానికి వైరస్ అని పేరు పెట్టి కంప్యూటరునే ఫార్మాట్ చేసిన చోట్లు ఉన్నాయి. చేయవలసిందల్లా ఆ పేరు మీద కుడి బటన్ నొక్కి డిసేబుల్ చేయడం. తొలగిస్తే మళ్లీ పుట్టుకొస్తుంది, కాబట్టి డిసేబులే చేయాలి.

ఇక రీడరు సీరియల్ మోడ్‌లోనే ఉండి అర్థంకాని గుర్తులు పంపుతుంటే, అది శుభవార్త. అసలేమీ రాకపోవడానికీ, చెత్త అక్షరాలు రావడానికీ చాలా తేడా ఉంది. చెత్త వస్తోందంటే దారి సరైనదే, వేగమో పారిటీనో కలవడం లేదు. వాడుకలో ఉన్న వేగాలు అనేకమేమీ కాదు. సెకనుకు ఇన్ని బిట్లు అన్న లెక్కలో 1200, 2400, 4800, 9600, 19200, 38400, 57600, 115200 అనే ఎనిమిదిలో సాధారణంగా ఏదో ఒకటి ఉంటుంది. వరుసగా మారుస్తూ ప్రతిసారీ ఒక కార్డు చూపితే చాలు. ఒకవేళ కొన్ని అంకెలు సరిగ్గా, కొన్ని వింతగా వస్తుంటే వేగం కుదిరిందనీ పారిటీ తేడా ఉందనీ గ్రహించాలి. 7 బిట్లు, ఈవెన్ పారిటీతో (ఒకట్ల మొత్తం సరిసంఖ్య అయ్యేలా) పంపిన అంకెలను కంప్యూటరు 8 బిట్లు, పారిటీ లేదు అన్న లెక్కన చదివితే 0, 3, 5, 6, 9 చక్కగా కనిపిస్తాయి. 1, 2, 4, 7, 8 మాత్రం పిచ్చి గుర్తులుగా మారతాయి. రెండో వరుస అంకెల్లో ఒకట్ల సంఖ్య బేసి కాబట్టి పారిటీ బిట్టు కూడా ఒకటై, ఎనిమిదో బిట్టు స్థానంలో వచ్చి కూర్చుంటుంది. ఈ ఆనవాలు తెలిసినవారికి కార్డు సంఖ్య ఒకసారి తెరమీద పడితే చాలు.

అసలు మరమ్మతు ఇక్కడే ఉంది, ఎక్కువమంది తడబడేది కూడా ఇక్కడే. రీడరును పాత అమరికకు తెచ్చే ఆదేశాన్ని, అది ప్రస్తుతం ఏ వేగంలో ఉందో ఆ వేగంలోనే పంపాలి. 9600 దగ్గర ఉండవలసిన రీడరు 115200కు మారిపోయి ఉంటే, దాన్ని తిరిగి 9600కు రమ్మనే మాట 115200 వేగంతోనే చెప్పాలి. చెప్పిన మరుక్షణం కంప్యూటరును 9600కు దింపి జవాబు చూడాలి, ఆ తరువాత అమరికను శాశ్వత జ్ఞాపకంలో దాచే ఆదేశం వేరుగా ఉంటే అదీ ఇవ్వాలి. ఈ చివరి మెట్టు వదిలేస్తే సాయంత్రం వరకు బాగా పనిచేసిన రీడరు మర్నాడు కరెంటు వచ్చాక మళ్లీ పాత రోగంతోనే నిద్రలేస్తుంది.

ఆదేశాల విషయంలో ఊహ మీద ఆధారపడటం మంచిది కాదు. అయస్కాంత పట్టీ కార్డులను చదివి రాసే ఎంఎస్ఆర్605 తరహా సీరియల్ యంత్రాలకు ఎస్కేప్ కోడ్ (ఆదేశం మొదలైందని తెలిపే ప్రత్యేక సంకేతం) వెంట చిన్నబడి ‘ఇ’ అనే ఆంగ్లాక్షరం పంపితే, ఎస్కేప్ వెంట ‘వై’ అని జవాబు వస్తుంది. అది సంబంధం ఉందా లేదా అని అడిగే నిరపాయమైన ప్రశ్న. అదే ‘వై’ని మనవైపు నుంచి పంపితే మాత్రం కార్డు మీద రాసే అయస్కాంత తీవ్రతను తక్కువ స్థాయికి దింపే ఆదేశమవుతుంది. ఏం తోస్తే అది పంపుతూ పోతే ఒక తప్పు అమరిక మీద మరొకటి పేరుకుంటుంది. అందుకే యంత్రంతో పాటు ఆదేశాల పట్టిక ఇవ్వాలని పట్టుబట్టవలసి ఉంటుంది.

మోడ్‌ను జంపరుతోనో (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) స్విచ్‌తోనో నిర్ణయించే రీడర్ల విషయం తేలిక. ఇంజినీరింగ్ కళాశాలల్లో విద్యార్థులు స్వయంగా తయారుచేసే హాజరు యంత్రాల్లో కనిపించే, కార్డులు చదివే పీఎన్532 బోర్డు మీద రెండు చిన్న స్విచ్‌లు ఉంటాయి. రెండూ ఆఫ్‌లో ఉంటే సీరియల్, మొదటిది మాత్రమే ఆన్ అయితే ఐ-టూ-సీ, రెండోది మాత్రమే ఆన్ అయితే ఎస్పీఐ; ఈ చివరి రెండూ చిప్‌ల మధ్య సమాచారం పంపే వేరే పద్ధతులు. కరెంటు తీసి, స్విచ్‌లు సరిచేసి, మళ్లీ ఇచ్చి, 115200 వేగంతో మాట్లాడించాలి. నిద్రావస్థలో ఉండే ఆ చిప్‌ను ముందు 55 (హెక్సాడెసిమల్, అంటే పదహారు ఆధారంగా గల లెక్కలో) అనే బైట్లు పంపి లేపాలి. బంగారు రంగు చిప్ ఉండే స్పర్శ కార్డులను చదివే పాత సీరియల్ రీడర్లలో ఫీనిక్స్, స్మార్ట్‌మౌస్ అని రెండు మోడ్‌లు ఉంటాయి. వాటికి ప్రధానమైన తేడా రీసెట్ సంకేతం ఏ దిశలో పనిచేయాలన్నదే. వాటి మీద 3.57, 6 మెగాహెర్ట్జ్ అని గడియార వేగాన్ని ఎంచే మరో జంపరు ఉంటుంది. కార్డు మొదటి పలుకులో ఒక్కో బిట్టు 372 గడియార స్పందనల కాలం సాగుతుంది కాబట్టి, 3.57 దగ్గర ఆ వేగం 9600 అవుతుంది, 6 దగ్గర 16129 అవుతుంది. జంపరు ఒకచోట, సాఫ్ట్‌వేరు మరోచోట ఉంటే కార్డు జవాబిస్తూనే ఉంటుంది, వినేవారికి అర్థం కాదు. జంపరు జరిపితే సరిపోయే ఇటువంటి రీడరును పారేసేవారిని ఏమనాలో నాకు తెలియడం లేదు.

యూఎస్‌బీ అడాప్టర్లలోని చిప్‌లకూ తమవైన అమరికలు ఉంటాయి. 2014 అక్టోబరులో అటువంటి చిప్‌లు తయారుచేసే ఎఫ్‌టీడీఐ సంస్థ విడుదల చేసిన విండోస్ డ్రైవరు, ఆ సంస్థ చిప్‌లకు నకళ్లుగా తయారైన వాటి ఉత్పత్తి గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చివేసింది. ఆ చిప్‌లు వాడిన పరికరాలను ఉన్నట్టుండి కంప్యూటర్లు గుర్తించడం మానేశాయి. విమర్శలు రావడంతో ఆ డ్రైవరును వెనక్కి తీసుకున్నారు. ఈలోపల పరికరాలు పోయాయనుకున్నవారు ఎందరో, నిజానికి లోపలి జ్ఞాపకంలో ఆ ఒక్క సంఖ్యను తిరిగి రాస్తే అవి మళ్లీ పనిచేశాయి.

రీడరు దారికి వచ్చాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించడానికి కారణం, అప్పటికే సగం విసిగిన సిబ్బంది ఇక్కడ పూర్తిగా ఆశ వదులుకుంటారు. మోడ్‌ను బట్టి ఒకే కార్డు వేర్వేరు సంఖ్యలుగా కనిపిస్తుంది. ఉదాహరణకు ఒక కార్డు మీద 0005913727 అని, పక్కనే 090,15487 అని రెండు సంఖ్యలు ముద్రించి ఉన్నాయనుకుందాం. అవి రెండూ ఒకటే. 90ని 65536తో గుణించి 15487 కలిపితే 5913727 వస్తుంది. 26 బిట్ల వీగాండ్‌లో 8 బిట్లు మొదటి భాగానికి, 16 బిట్లు రెండో భాగానికి పోగా, మిగిలిన రెండూ పారిటీ బిట్లు. సీరియల్ మోడ్‌లో ఇదే సంఖ్య సాధారణంగా పదహారు ఆధారంగా గల అంకెల్లో వస్తుంది. హాజరు పట్టికలో ఒక రూపంలో నమోదైన కార్డు రీడరు నుంచి మరో రూపంలో వస్తే, ‘విద్యార్థి లేరు’ అని తెర చెబుతుంది. అప్పుడు రీడరునూ కార్డులనూ మార్చనక్కర్లేదు. పట్టికలో ఒక నిలువు వరుస చేర్చి పై లెక్క వేయిస్తే సరిపోతుంది. విద్యార్థులందరికీ కొత్త కార్డులు ఇవ్వాలని ఎవరైనా సూచిస్తే ముందు ఈ గుణకారం చేసి చూడమని కోరుతున్నాను.

ప్రతి రీడరూ బాగవుతుందని నేను అనడం లేదు. పిడుగుపాటుకు గురైనవి, 12 వోల్టుల వైరును పొరపాటున డేటా వైరుకు కలపడం వల్ల కాలినవి, వానచెమ్మ లోపలికి దిగి పచ్చటి చిలుము పట్టినవి ఉంటాయి. విద్యుత్తు ఇచ్చినా దీపం వెలగకపోతే, పంపే వైరు మీద ఏ వోల్టేజీ లేకపోతే, లేదా చిప్ చేయి పెట్టలేనంతగా వేడెక్కుతుంటే, దానికి సెలవు ఇవ్వవచ్చు. బీప్ లేకపోవడం ఒక్కటే మాత్రం చావుకు గుర్తు కాదు. కంప్యూటరు అడిగితేనే పలికే మోడ్‌లో ఉన్న రీడరు కార్డు ముందు మౌనంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

కొన్ని రీడర్లను ఫ్యాక్టరీ స్థితికి తేవడానికి ఒక ప్రత్యేక కార్డు ఇస్తారు. మరికొన్నింటికి రెండు వైర్లను కలిపి పట్టుకుని కరెంటు ఇవ్వాలి. ఏ రీడరుకు ఏ పద్ధతి అన్నది తయారీదారు కాగితంలోనే ఉంటుంది, ఆ కాగితం సాధారణంగా బిగించిన గుత్తేదారు సంచిలోనే ఉండిపోతుంది. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) గడువు ముగిశాక అతను రాడు, వచ్చినా కొత్తది కొనమనే చెబుతాడు. అందులో అతనికి లాభం ఉంది, పది నిమిషాల్లో మోడ్ సరిచేస్తే ఏమీ లేదు. కాబట్టి ఈ బాధ్యతను గుత్తేదారు మంచితనానికి వదలకుండా టెండరు షరతుల్లోనే చేర్చాలి. ఆదేశాల పట్టిక, రీసెట్ కార్డు, అమరికలు మార్చే ప్రోగ్రాం ఈ మూడూ సంస్థకు అప్పగించి, స్టాక్ రిజిస్టరులో సంతకం తీసుకున్న తరువాతే తుది బిల్లు చెల్లించాలి. రీడరు వెనుక మోడ్, వేగం, పారిటీ, రీడరుకు ఇచ్చిన చిరునామా సంఖ్య రాసిన చిన్న చీటీ అతికించాలి. అమరిక ఎవరు, ఎప్పుడు మార్చినా అదే రిజిస్టరులో పాత విలువ, కొత్త విలువ రాయాలి.

పాత రీడర్ల విషయంలో, దగ్గరలోని ఐటీఐ లేదా పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ విభాగానికి వాటిని ఒకసారి పంపడం మేలు. పైన చెప్పిన పరీక్షల్లో ఆ విద్యార్థులకు చేతకానిది ఒక్కటీ లేదు, పైగా పాఠ్యపుస్తకంలో చదివిన సీరియల్ కమ్యూనికేషన్‌ను చేత్తో పట్టుకుని చూసే అవకాశం వారికి దొరుకుతుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాల సంస్థలు తమ మరమ్మతు సమాచారాన్ని అక్కడ ఉంచాలన్నది దాని ఉద్దేశం. కార్యాలయాలకు సరఫరా చేసే కార్డు రీడర్ల తయారీదారులను కూడా అందులో చేర్చమని మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కోరవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల కింద, తుక్కును నమోదైన రీసైక్లర్లకు అప్పగించేలా చూడవలసిన బాధ్యత పెద్దఎత్తున పరికరాలు వాడే సంస్థల మీద ఎలాగూ ఉంది. అప్పగించే వస్తువు నిజంగా తుక్కేనా అని తేల్చుకోవడం దానికి ముందు జరగాలి.

మీ విలేకరికి నాదొక మనవి. ఆ రీడర్ల కండెమ్ ప్రతిపాదన ఫైలులో ఒక్కో రీడరుకు ఎదురుగా డేటా వైరు వోల్టేజీ ఎంత ఉందో, ఏ వేగాల దగ్గర ప్రయత్నించారో నమోదు చేశారా అని సంబంధిత అధికారులను అడగండి. చేసి ఉంటే ఆ పత్రాన్ని ప్రచురించండి. చేయకపోతే ఆ ప్రతిపాదనను వెనక్కి పంపి, పరీక్షల ఫలితాలతో మళ్లీ తెప్పించుకోమని జిల్లా యంత్రాంగాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్,
విశాఖపట్నం